కొండలు కలిపిన చుట్టరికం

తెలుగు బైబిలు చదివినవారికి ఇశ్రాయేలు అనగానే పన్నెండు గోత్రాలు గుర్తుకొస్తాయి. హీబ్రూలోని షేవెత్, మత్తె అనే రెండు మాటలకూ మన అనువాదకులు గోత్రమనే మాటే వాడారు. ఆ రెండింటికీ అసలు అర్థం కర్ర, అంటే పెద్దమనిషి చేతిలో ఉండే దండం. ఒక దండం వెనక నడిచే జనానికి ఆ దండం పేరే వచ్చింది. అనువాదంలో తప్పు లేదు గాని, గోత్రమనే మాటతోపాటు మన ఇళ్ళలో దానికున్న అర్థం కూడా ఆ కథలోకి వచ్చి కూర్చుంటుంది. మన గోత్రానికి మూలం ఒక ఋషి. అది తండ్రి నుంచి బిడ్డలకు వస్తుంది, ఏ ఊరికి వలసపోయినా మారదు, ఒకే గోత్రంవాళ్ళు పెళ్ళాడరు. ఇశ్రాయేలు గోత్రం ఇలాంటిది కాదు. దానికి పొలిమేరలున్నాయి. యెహోషువ గ్రంథం ఆ పొలిమేరలను వాగుల పేర్లతో, ఊళ్ళ పేర్లతో అధ్యాయాల కొద్దీ చెబుతుంది. మగపిల్లలు లేని సెలోపెహాదు చనిపోతే, అతని ఐదుగురు కూతుళ్ళూ తండ్రి వాటా తమకిమ్మని మోషేను అడిగారు. వాటా దక్కింది, దానితోపాటు ఒక షరతూ వచ్చింది: తండ్రి గోత్రంలోనే పెళ్ళి చేసుకోవాలి, లేకపోతే ఆ భూమి పక్క గోత్రానికి పోతుంది. మన దగ్గర సగోత్రం పెళ్ళికి అడ్డు. అక్కడ ఆ ఆడపిల్లల పెళ్ళికి సగోత్రమే షరతు. కారణం రక్తం కాదు, పొలం. ఈ తేడాను పట్టుకుని వెనక్కి వెళితే నాకు కనిపించేది ఇది: ఇశ్రాయేలు గోత్రాలు ఒక తండ్రికి పుట్టి కొండలెక్కినవి కావు. ఆ కొండల మీద పక్కపక్కన బతికిన జనం, ఒకరికొకరు అవసరమై, అన్నదమ్ములమని చెప్పుకుని గోత్రాలయ్యారు.

ఆదికాండం చెప్పే కథ వేరు. యాకోబుకు లేయా, రాహేలు అనే అక్కచెల్లెళ్ళు భార్యలు. వాళ్ళ దాసీలు జిల్పా, బిల్హా. ఈ నలుగురు తల్లులకూ పన్నెండుగురు కొడుకులు: రూబేను, షిమ్యోను, లేవి, యూదా, ఇశ్శాఖారు, జెబూలూను లేయా బిడ్డలు. యోసేపు, బెన్యామీను రాహేలు బిడ్డలు. దాను, నఫ్తాలి బిల్హాకు, గాదు, ఆషేరు జిల్పాకు పుట్టారు. ఒక్కొక్కరి పేరా ఒక్కొక్క గోత్రం. వినడానికి లెక్క సరిగ్గానే ఉంది. కానీ బైబిలులోనే ఉన్న జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ లెక్క నిలవదు. లేవికి భూమి లేదు కనుక అతన్ని తీసేసి, యోసేపు స్థానంలో అతని కొడుకులు ఎఫ్రాయిము, మనష్షేలను చేర్చి సంఖ్యాకాండం పన్నెండు చేస్తుంది. ద్వితీయోపదేశకాండం చివర మోషే ఇచ్చే దీవెనల్లో షిమ్యోను పేరే లేదు. అన్నిటికంటే విలువైనది న్యాయాధిపతుల గ్రంథంలోని దెబోరా పాట. బైబిలులో మిగిలిన అతి పాత కవిత్వంలో ఇదొకటని పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటారు. యుద్ధానికి పిలుపు వచ్చినప్పుడు ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ఆ పాట పేరుపేరునా చెబుతుంది. ఎఫ్రాయిము, బెన్యామీను, మాకీరు, జెబూలూను, ఇశ్శాఖారు, నఫ్తాలి వచ్చాయి. రూబేను, గిలాదు, దాను, ఆషేరు రాలేదు. మొత్తం పది. మనష్షే ఉండాల్సిన చోట మాకీరు ఉంది, గాదు ఉండాల్సిన చోట గిలాదు ఉంది. దావీదు పుట్టిన యూదా రానివాళ్ళ జాబితాలో కూడా లేదు. రానందుకు నింద పడాలన్నా ముందు ఆ కూటమిలో మనిషై ఉండాలి. ఆ రోజుకు యూదా ఇంకా ఆ కూటమిలో లేదనుకోవడమే దీనికి సహజమైన వివరణ.

బైబిలు బయట ఇశ్రాయేలు పేరు మొదటిసారి కనిపించేది ఒక ఈజిప్టు రాజు విజయశాసనంలో. ఫారో మెర్నెప్తా క్రీ.పూ. 1208 ప్రాంతంలో వేయించిన ఆ శిల 1896లో థీబ్సులో ఫ్లిండర్స్ పెట్రీ తవ్వకాల్లో బయటపడింది. అష్కెలోను, గెజెరు, యనోయం పట్టణాలను అణచాననీ, ఇశ్రాయేలును నాశనం చేశాననీ రాజు చెప్పుకున్నాడు. ఇక్కడ గమనించాల్సింది ఒక చిన్న గుర్తు. ఈజిప్టు లిపిలో పేరు పక్కన అది ఏ జాతి వస్తువో తెలిపే బొమ్మ వేస్తారు. ఆ మూడు పట్టణాల పక్కనా పరదేశాన్ని సూచించే గుర్తు ఉంది. ఇశ్రాయేలు పక్కన మాత్రం కూర్చున్న పురుషుడు, స్త్రీ ఉన్నారు. అంటే ఆ లేఖకుడి దృష్టిలో అది కోటా కాదు, రాజ్యమూ కాదు, ఒక జనం. అప్పటికి ఆ జనం పన్నెండు పాయలుగా ఉన్నారనడానికి ఆ శిలలో ఏ ఆధారమూ లేదు.

ఆ జనం ఎక్కడివారు? యెహోషువ గ్రంథం చెప్పినట్టు ఒక్క దండయాత్రలో కనానును జయించి వచ్చారని విలియం ఆల్‌బ్రైట్ వంటి పెద్దలు ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా గట్టిగా వాదించారు. నేల వాళ్ళ మాట బలపరచలేదు. యెరికోలో 1952 నుంచి 1958 దాకా తవ్విన కేథలీన్ కెన్యన్‌కు ఆ కాలానికి చెందిన ప్రాకారం దొరకలేదు. హాయి పట్టణమని భావించే దిబ్బ యెహోషువ కాలానికి వెయ్యేళ్ళకు పైగా పాడుబడి ఉంది. హాసోరు మాత్రం క్రీ.పూ. పదమూడో శతాబ్దంలో మంటల్లో కాలిపోయిన మాట నిజం, దాన్ని యీగాయెల్ యాదీన్ తవ్వి చూపించాడు. ఒక్క హాసోరు ఆధారంగా దేశమంతటి దండయాత్రను నిలబెట్టలేం. జవాబు పట్టణాల్లో కాదు, వాటికి దూరంగా కొండల్లో దొరికింది. 1967 తర్వాత పురావస్తు శాస్త్రజ్ఞులు మధ్య కొండసీమను కాలినడకన గాలించారు. కంచు యుగం చివర అక్కడ సుమారు 30 ఊళ్ళే ఉంటే, ఇనుప యుగం మొదటి దశకు వచ్చేసరికి 250 దాకా కనిపించాయి. ఎఫ్రాయిము సీమను గాలించిన ఇజ్రాయెల్ ఫింకెల్‌స్టీన్ 1988లో ఈ వివరాలను పుస్తకంగా తెచ్చాడు. అవన్నీ చిన్న పల్లెలు. కోటగోడ లేదు, రాజభవనం లేదు, గుడి అనదగ్గది దాదాపు లేదు. రాతి స్తంభాలతో వరుసగా గదులు కట్టిన ఇళ్ళు, మూతి కింద పట్టీ ఉన్న పెద్ద జాడీలు, వాన నీటిని పట్టే తొట్లు, ధాన్యం దాచే పాతర్లు, వాలు మీద రాళ్ళు పేర్చి చేసిన మెట్ల పొలాలు ఉన్నాయి. కుండల మీద రంగుల నగిషీలు లేవు, దూరదేశపు సరుకు చాలా తక్కువ. ఇళ్ళ మధ్య ఎక్కువ తక్కువలు కూడా కనిపించవు.

ఆ కుండలు చేసిన పద్ధతి పాత కనాను కుమ్మరుల పద్ధతే. వాళ్ళ హీబ్రూ మిగతా కనాను భాషలకు చెల్లెలు. పంది ఎముకలు ఆ పల్లెల్లో దాదాపు దొరకవు, తీరంలోని ఫిలిష్తీయుల పట్టణాల్లో దండిగా దొరుకుతాయి. అయితే ఆ కాలపు ఇతర కనాను పల్లెల్లోనూ పంది తక్కువే గనుక, ఒక్క ఎముకలను చూసి ఫలానావారు ఇశ్రాయేలీయులని తేల్చడం తొందరపాటు. బయటినుంచి వచ్చిన ఒక జాతి తనతో తెచ్చుకున్న సామగ్రి ఇదీ అని చూపడానికి ఏదీ మిగలదు. క్రీ.పూ. 1200 ప్రాంతంలో హిత్తీయుల సామ్రాజ్యం కూలింది, ఉగారిత్ కాలిపోయింది, ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు ఈజిప్టు కనాను మీద పట్టు వదులుకుంది. పట్టణాలు చెడినప్పుడు పన్నులూ వెట్టీ తప్పించుకున్న రైతులు, మేకలు గొర్రెలు కాసుకునేవాళ్ళు, ఎడారి అంచున తిరిగే గుంపులు కొండలెక్కి ఉంటారు. 1962లో జార్జ్ మెండెన్‌హాల్, 1979లో నార్మన్ గాట్‌వాల్డ్ దీన్ని రైతుల తిరుగుబాటు అన్నారు. ఫింకెల్‌స్టీన్ కాపరుల స్థిరనివాసం అంటాడు. నా మట్టుకు ఈ రెంటిలో ఒక్కటే నిజం కావాలన్న పట్టు అనవసరం అనిపిస్తుంది. పలుచోట్ల నుంచి వచ్చినవాళ్ళు ఒక కొండను పంచుకున్నారన్నదే ఇక్కడ ముఖ్యం.

ఈ దృష్టితో గోత్రాల పేర్లు చూడండి. బెన్యామీను అంటే కుడిచేతి కొడుకు. తూర్పుకు తిరిగి దిక్కులు చెప్పే ఆ భాషల్లో కుడి అంటే దక్షిణం. ఎఫ్రాయిముకు సరిగ్గా దక్షిణాన బెన్యామీను సీమ ఉంది. ఎఫ్రాయిము, యూదా అన్నవి బైబిలులోనే తరచూ కొండసీమల పేర్లుగా వస్తాయి. గిలాదు యొర్దాను నదికి తూర్పున ఉన్న కొండ ప్రాంతం. సంఖ్యాకాండం వంశావళిలో మనష్షే కొడుకు మాకీరు, మాకీరు కొడుకు గిలాదు. అంటే ఒక కొండ మనవడైంది. అదే వంశావళిలో గిలాదు బిడ్డల్లో షెకెము ఒకడు. షెకెము పట్టణం ఈజిప్టు ఫారోల ఆస్థానానికి వచ్చిన క్రీ.పూ. పద్నాలుగో శతాబ్దపు అమర్నా లేఖల కాలానికే పేరుమోసింది, అక్కడి పాలకుడు లబాయు పక్క రాజులకు పక్కలో బల్లెంలా ఉండేవాడు. ఊరు వయసులో తన తండ్రి కంటే, తాత కంటే పెద్దది! ఇది పొరపాటు కాదు. ఏ ఊరు ఏ సీమకు చెందుతుందో, ఏ సీమ ఏ కూటమిలో పెద్దదో చెప్పడానికి వాళ్ళకు దొరికిన భాష తండ్రీకొడుకుల భాష. మనష్షే పైకి వచ్చి, మాకీరు వెనకబడ్డ మార్పును కొత్తగా రాసుకోవాలంటే మాకీరును మనష్షే కొడుకును చేస్తే చాలు.

ఇది ఊహ కాదనడానికి గట్టి సాక్ష్యం ఉత్తర ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని షోమ్రోనులో, రాజభవనం దగ్గర దొరికింది. 1910లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం తరఫున జరిగిన తవ్వకాల్లో సిరాతో రాసిన కుండపెంకులు బయటపడ్డాయి. వాటిలో చదవగలిగినవి అరవైకి పైగా ఉన్నాయి. క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దం నాటి సరుకు చీటీలవి: ఏ ఏట, ఎక్కణ్ణుంచి, ఎవరి పేర, ఎన్ని జాడీల పాత ద్రాక్షారసం, ఎంత మంచి నూనె. పంపిన తాలూకాల పేర్లు అబీయెజెరు, హెలెకు, అశ్రీయేలు, షెమీదా, షెకెము. సంఖ్యాకాండం వీళ్ళందరినీ గిలాదు కొడుకులంటుంది, మనష్షే వంశంలో లెక్కిస్తుంది. మరో రెండు తాలూకాలు నోయా, హొగ్లా. వీళ్ళు భూమి కోసం మోషే ముందు నిలబడ్డ సెలోపెహాదు కూతుళ్ళలో ఇద్దరు. వాళ్ళ చెల్లెలు తిర్సా పేరు కూడా ఊరి పేరే, అది కొంతకాలం ఉత్తర రాజ్యానికి రాజధాని. ఆడపిల్లలకు వాటా దక్కిన కథ వెనక కొన్ని తాలూకాలు మనష్షే సీమలో తమ చోటు అడిగి తెచ్చుకున్న చరిత్ర ఉందని ఈ పెంకులు చూశాక నాకు అనుమానం లేదు. ఏ పురోహితుడూ, ఏ కవీ రాయని ఈ పన్ను చీటీలు వంశావళికీ భూపటానికీ ఉన్న సంబంధాన్ని ఇంత స్పష్టంగా చూపడం ఆశ్చర్యమే.

దీనికి రెండు వైపుల నుంచి అభ్యంతరాలు వస్తాయి. గోత్రాల కథంతా బబులోను చెర తర్వాత యెరూషలేము యాజకులు అల్లుకున్నదని ఒక వర్గం వాదిస్తుంది. అల్లినవాళ్ళు యూదా మనుషులైతే, పెద్దకొడుకు హోదా రూబేనుకు ఎందుకు ఇస్తారు? చరిత్ర తెలిసే కాలానికి రూబేను దాదాపు మాసిపోయిన గోత్రం. మోషే దీవెనలోనే అది బతికుంటే చాలునన్న ధ్వని ఉంది. పెద్దరికం ఒకప్పుడు నిజంగా ఉండి, తర్వాత పోయింది గనుకే జ్ఞాపకంలో మిగిలింది. 1868లో దిబోనులో దొరికిన మోయాబు రాజు మేషా శాసనం మరో జవాబు. గాదు మనుషులు అతారోతు సీమలో అనాదిగా ఉన్నారని క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దంలో శత్రువే చెబుతున్నాడు. యెరూషలేము యాజకుల కోసం అబద్ధం చెప్పాల్సిన పని మోయాబు రాజుకు లేదు. రెండో అభ్యంతరం విశ్వాసుల నుంచి వస్తుంది: అలాగైతే యాకోబు, ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం, నిర్గమం అన్నీ కల్పనేనా? అంత మాట అనడానికి ఆధారం లేదు. మోషే, ఫీనెహాసు, హొఫ్నీ, మెరారి అన్నవి ఈజిప్టు మూలం ఉన్న పేర్లని భాషా పండితులు చెబుతారు. ఈ పేర్లన్నీ లేవి గోత్రంలోనివే, లేవికి సొంత సీమ లేదు. ఈజిప్టు నుంచి వచ్చిన ఒక చిన్న గుంపు తన విమోచన కథను, తన దేవుణ్ణి కొండల మీది జనానికి ఇచ్చి, వాళ్ళందరి మధ్య పరుచుకుని ఉండవచ్చు. ఆ కథను తమదిగా స్వీకరించినవాళ్ళు తర్వాతి తరానికి తమ తాతలు కూడా ఐగుప్తులో దాసులేనని చెప్పారు. అది మోసం కాదు. చుట్టరికం కలుపుకున్నప్పుడు అవతలి ఇంటి కష్టసుఖాలు కూడా మనవే అవుతాయి.

చుట్టరికం కేవలం కథైతే అది నిలిచేది కాదు. దానికి బరువైన బాధ్యతలుండేవి. అప్పుల్లో పోయిన పొలాన్ని దగ్గరి బంధువు విడిపించాలి, హత్యకు బదులు తీర్చుకోవాలి, యుద్ధానికి పిలిస్తే రావాలి. బాధ్యత తప్పినప్పుడు అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకున్నారు కూడా. బెన్యామీను మీద మిగతా గోత్రాలు దాడి చేసి దాన్ని దాదాపు తుడిచిపెట్టిన కథ న్యాయాధిపతుల గ్రంథం చివర ఉంది. యొర్దాను రేవులో గిలాదువాళ్ళు దాటబోయేవాణ్ణి షిబ్బోలెతు అనమని అడిగి, సిబ్బోలెతు అన్నవాణ్ణి ఎఫ్రాయిమువాడిగా గుర్తుపట్టి నరికేశారు. ఒకే తండ్రి బిడ్డలమని చెప్పుకునేవాళ్ళ మధ్య నదికి అటూ ఇటూ ఉచ్చారణ మారిపోయేంత దూరం ఉంది.

ఇక పన్నెండు. 1930లో మార్టిన్ నోత్ అనే జర్మన్ పండితుడు గ్రీసులో దెల్ఫీ ఆలయం చుట్టూ ఉన్న పన్నెండు జాతుల సంఘాన్ని పోలికగా తెచ్చి, ఇశ్రాయేలు కూడా ఒక ఉమ్మడి గుడి చుట్టూ ఏర్పడిన సంఘమేనన్నాడు. నలభై ఏళ్ళు రాజ్యమేలిన ఆ సిద్ధాంతాన్ని ఇప్పుడు ఒప్పుకునేవారు తక్కువ. అందరూ చేరిన ఒకే గుడి ఆనవాలు ఆ కాలంలో దొరకదు. నాకు మరింత దగ్గరగా కనిపించేది రాజ్యపాలన. సొలొమోను దేశాన్ని పన్నెండు మండలాలు చేసి, ఒక్కొక్కటి ఏడాదిలో ఒక నెల రాజభవనానికి తిండి పంపాలని పెట్టినట్టు రాజుల గ్రంథం చెబుతుంది. వాటిలో నఫ్తాలి, ఆషేరు, ఇశ్శాఖారు, బెన్యామీను వంటివి గోత్రాల పేర్లు, మిగతావి ఎక్కువగా ఊళ్ళ పేర్లు. పన్నెండు గోత్రాలే పన్నెండు మండలాలయ్యాయని దీనర్థం కాదు. పన్నెండు నిండుదనానికి గుర్తని అందరూ ఎరిగినదే, ఇష్మాయేలుకూ నాహోరుకూ ఆదికాండం పన్నెండుగురేసి కొడుకులనే చెబుతుంది. లోపల పేర్లు మారినా మొత్తం మారకూడదు. ప్రవక్త అహీయా తన కొత్త బట్టను పన్నెండు ముక్కలు చింపి, పది ఉత్తర రాజ్యానికి రాజు కాబోయే యరొబాముకు ఇచ్చి, దావీదు ఇంటికి ఒకటి మిగులుతుందన్నాడు. పదీ ఒకటీ పదకొండు. ఆ పన్నెండో ముక్క గురించి వ్యాఖ్యాతలు రెండువేల ఏళ్ళుగా తర్జనభర్జన పడుతున్నారు, రాసినవాడికి మాత్రం అది ఇబ్బందిగా తోచినట్టు లేదు.

గోత్రాల అసలు ప్రాముఖ్యం అవి నేలమీద లేకుండా పోయాకనే మొదలైంది. క్రీ.పూ. 732 ప్రాంతంలో అష్షూరు రాజు మూడో తిగ్లత్పిలేసెరు గలిలయను ఖాళీ చేయించాడు. 722లో షోమ్రోను కూలింది, అక్కణ్ణుంచి 27,290 మందిని పట్టుకుపోయానని అష్షూరు రాజు సర్గోను తన శాసనంలో రాయించుకున్నాడు. మిగిలినవాళ్ళు చాలామంది ఉన్నచోటే ఉండిపోయారు, కొందరు దక్షిణానికి పారిపోయారు. ఆ శతాబ్దం చివర యెరూషలేము ఒక్కసారిగా పెరిగింది, కొత్త పేటల చుట్టూ కట్టిన 7 మీటర్ల మందపు గోడను 1970లలో నహ్మాన్ అవిగాద్ బయటపెట్టాడు. ఉత్తరాది గోత్రాల జ్ఞాపకాలు, దెబోరా పాట వంటివి, ఆ కాందిశీకుల నోటనే యూదాకు చేరి గ్రంథంలో నిలిచాయని నమ్మడానికి కారణముంది. తర్వాత యూదా కూడా చెరకు పోయి తిరిగొచ్చింది. క్రీ.పూ. 515లో రెండో ఆలయాన్ని ప్రతిష్ఠించినప్పుడు, తిరిగొచ్చినవాళ్ళు ప్రధానంగా యూదా, బెన్యామీను, లేవి గోత్రాలవాళ్ళే అయినా, ఇశ్రాయేలు గోత్రాల లెక్కన పన్నెండు మేకపోతులను బలి ఇచ్చారని ఎజ్రా గ్రంథం చెబుతుంది. రాలేనివాళ్ళ పేర కూడా ఒక్కొక్క మేకపోతును ఇచ్చారు. యేసు పన్నెండుగురు శిష్యులను ఎంచుకోవడంలో ఉన్నది కూడా ఆ లెక్కే. ప్రకటన గ్రంథం గోత్రాల జాబితాలో దాను లేదు, అయినా మొత్తం పన్నెండే.

తప్పిపోయిన పది గోత్రాలను లోకమంతా వెతకడం ఆ మేకపోతుల లెక్కకు కొనసాగింపే. మిజోరం, మణిపూర్‌లలోని బ్నే మెనాషె సమాజం మనష్షే వంశమని చెప్పుకుంటుంది. 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలలో ఒకరు వాళ్ళను గుర్తించారు, వేలమంది అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి. మాదిగ సమాజం నుంచి వచ్చిన వీళ్ళు ప్రార్థనామందిరం కట్టుకుని విశ్రాంతిదినం పాటిస్తున్నారు. వీళ్ళు నిజంగా ఎఫ్రాయిము రక్తమేనా అని అడిగేవారు చాలామంది. క్రీ.పూ. పన్నెండో శతాబ్దంలో ఎఫ్రాయిము కొండ మీద నిలబడి ఆ ప్రశ్న వేసినా, రక్తం చూసి జవాబు చెప్పగలిగినవాడు ఉండడు. కొండకు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, పొలం పంచుకుని, పిలిస్తే యుద్ధానికి వెళ్ళినవాళ్ళే ఎఫ్రాయిము. అందుకని కొత్తరెడ్డిపాలెం కుటుంబాల వంశం రుజువైందని అనలేం, అలాంటి ఆధారం లేదు. వాళ్ళ దగ్గర లేని ఆ రుజువు తొలినాటి ఎఫ్రాయిమువాళ్ళ దగ్గరా లేదు.